కుక్క కరిచిందని చెప్పండి

రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రి లివర్ ఓపీలో మేల్ నర్సుగా చేరి, కౌన్సెలర్‌గా బయటికొచ్చాను. అరవై నిండకుండానే ఎందుకు మానేశావని అడిగేవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెబుతుంటాను. నా మోకాళ్ళు నాకంటే ముందే రిటైరయ్యాయన్నది వాటిలో నిజానికి కాస్త దగ్గరగా ఉన్నది.

నేను కోతలు కోస్తానని మావాళ్ళందరికీ తెలుసు. మా ఆవిడైతే నేను టైమెంతో చెప్పినా ఓసారి గోడ గడియారం వైపు చూసుకుంటుంది. అందుకని ముందే ఒప్పందం చేసుకుందాం. ఇందులో కాలేయం గురించి రాసిన ప్రతి మాటా నిజం. మా డాక్టరు గారు చదివి, రెండుచోట్ల కొట్టేసి, ఒకచోట తిట్టి మరీ దిద్దారు. కుక్క ఉన్న చోట మాత్రం నా చెయ్యి కొంచెం జారి ఉప్పూకారం ఎక్కువ పడి ఉండొచ్చు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసమే ఇదంతా. ఏ సర్టిఫికెట్టు కావాలో, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో మీకు ఫోన్‌లోనే దొరుకుతుంది. దొరకనిది చెబుతాను.

కూర్చోని వంటవాడు

మా డాక్టరు విజయకుమారి గారు పొట్టిగా ఉంటారు, గొంతు మాత్రం పొడుగు. నేను చేరిన మొదటి రోజునే అన్నారు: "బుజ్జిబాబూ, పన్ను నొప్పయితే మనిషి పరిగెత్తుకొస్తాడు. కాలేయం సగం పాడైనా నొప్పి పుట్టదు. నొప్పిలేని జబ్బుని నమ్మించడం నీ పని. కథలు చెబుతావటగా, చెప్పు. కానీ జబ్బు విషయంలో ఒక్క అబద్ధం దొర్లినా ఇంటికి పంపేస్తాను."

అప్పుడు నేను కట్టిన కథే చివరిదాకా నాకు అన్నం పెట్టింది. కాలేయం పెళ్ళి వంటమేస్త్రి లాంటిది. అనుకున్నదానికంటే రెండింతల మంది వచ్చినా నోరెత్తకుండా వండుతూనే ఉంటాడు. పొయ్యి దగ్గర ఒళ్ళు కాలుతున్నా "పర్లేదండి" అంటాడు. వడ్డనలో తేడా రాదు కాబట్టి లోపల ఏమవుతోందో బయట పందిట్లో ఎవరికీ తెలీదు. ఓ రోజు గరిటె పక్కన పెట్టి కూర్చుంటాడు. ఇక ఆ పెళ్ళిని ఆపద్ధర్మంగా నడిపించేవాడు ఉండడు. అయితే ఈ మేస్త్రిలో ఓ మంచి గుణం ఉంది. మరీ ఆలస్యం కాకముందు కొన్నాళ్ళు సెలవిచ్చామా, మళ్ళీ లేచి నిలబడతాడు. కొవ్వు పట్టిన కాలేయం, వాచిన కాలేయం తాగుడు మానేస్తే చాలావరకు కోలుకుంటాయి. గట్టిపడి ముడుచుకుపోయాక మాత్రం వెనక్కి రావడం కష్టం. అప్పుడు కూడా మానేయడం వల్ల మేలే జరుగుతుంది, కాకపోతే పాత కాలేయం తిరిగి రాదు.

ఇంతా చెప్పాక వాళ్ళడిగే ప్రశ్నలు చూడాలి.

"బీరు మందు కింద రాదు కదండీ?"

"కల్లు చలవ కదండీ?"

"నేను ఖరీదైందే తాగుతానండి. అది కూడా పాడుచేస్తుందాండీ?"

సీసా మీద బొమ్మ ఏదైనా లోపలున్న ఆల్కహాల్ ఒక్కటే, కాలేయానికి చదువు రాదు కాబట్టి లేబుల్ చూడదు అని చెప్పేవాణ్ణి. కాకినాడ నుంచి వచ్చే ఓ పెద్దమనిషైతే ఇంకో మెట్టెక్కాడు. లివర్ టానిక్‌ని నేరుగా విస్కీలోనే కలుపుకొని తాగేవాడు. "పాడుచేసేదీ, బాగుచేసేదీ ఒకేసారి లోపలికెళ్తే లోపలే తేల్చుకుంటాయి కదండీ" అన్నాడు. డాక్టరు గారు నవ్వాపుకోడానికి బల్ల కింద పడని పెన్ను కోసం వంగడం నేను చూసింది ఆ ఒక్కసారే. టానిక్ తాగుతున్నాం కదా అని ధైర్యంగా రెండు గ్లాసులు ఎక్కువ తాగినవాళ్ళని చాలామందిని చూశాను. ఆ ధైర్యమే ఆ సీసాలో అన్నిటికంటే ప్రమాదకరమైన పదార్థం.

పూర్తిగా మానమని అందరికీ చెబుతాం, అందరూ వినరు. వినలేదని గెంటేస్తే మళ్ళీ పచ్చకామెర్లతోనే కనబడతారు. అందుకని అలాంటివాళ్ళకి మా డాక్టరు మేడం నేర్పిన మాటలు వేరే ఉండేవి. ఖాళీ కడుపుతో ముట్టుకోవద్దు, ముందు అన్నం తినండి. గ్లాసుకీ గ్లాసుకీ మధ్య నీళ్ళు తాగండి. వారంలో తాగని రోజులే ఎక్కువుండాలి. మర్నాడు తలనొప్పి అని తోచినన్ని బిళ్ళలు మింగొద్దు, జ్వరం బిళ్ళ కూడా కాలేయం మీద భారమే. బండి తాళం ఇంకొకళ్ళకి ఇచ్చేయండి. ఇవన్నీ చేస్తే మందు మంచిదైపోదు, చెడు కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన కొంతలో కూడా ఓ మనిషి బతికి బయటపడొచ్చు.

పిలిచి తాగే మనిషి

పెద్దిరాజు గారిది భీమవరం దగ్గర పల్లె. వనామీ రొయ్యల చెరువులున్నాయి. తెల్లని చొక్కా, చల్లని మాట. ఆసుపత్రికి వచ్చినా "తమరు భోంచేశారాండీ?" అని ముందు నన్నే అడిగారు. వెనకాల ఆయన భార్య సీతాయమ్మ గారు రిపోర్టుల కవరు పట్టుకుని నిలబడ్డారు.

"రోజూ తాగుతారాండీ?" అన్నాను.

"అబ్బే, నేనొక్కణ్ణే ఉంటే ముట్టుకోనండి. చెరువు గట్టు మీద సాయంత్రం ఎవరో ఒకరుంటారండి. వాళ్ళ కోసం."

"ఎవరూ రాకపోతే?"

"పిలుస్తానండి."

సీతాయమ్మ గారు కవరుతో మొహం కప్పుకున్నారు. నవ్వుకో, ఏడుపుకో నాకు అర్థం కాలేదు.

మేడం రిపోర్టులు చూసి దాపరికం లేకుండా చెప్పారు. కాలేయం వాచింది, గట్టిపడటం మొదలైంది, ఇంకా దారి మూసుకుపోలేదు. ఇకమీదట ఒక్క చుక్క కూడా కూడదు. అలాగని ఇంటికెళ్ళి ఒక్కసారిగా మానేయడానికీ వీల్లేదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. రోజూ బాగా తాగే మనిషి హఠాత్తుగా ఆపేస్తే చేతులు వణకొచ్చు, ఫిట్స్ రావచ్చు, లేని మనుషులు కనబడొచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అందుకే ఆయన్ని కొన్నాళ్ళు వార్డులో ఉంచి, విటమిన్ ఇంజెక్షన్లూ బిళ్ళలూ ఇచ్చి, ఒళ్ళు సర్దుకున్నాక పంపించారు.

డిశ్చార్జి రోజున ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"బుజ్జిబాబు గారూ, మానడం కష్టమనిపించట్లేదండి. వద్దనడమే కష్టమండి."

ఇది బయటివాళ్ళకి అర్థం కాకపోవచ్చు. మా గోదావరి జిల్లాల్లో విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తారు. ఇంటికొచ్చినవాడు కాదంటే పెట్టినవాడికి అవమానం, పెట్టినవాడు తనూ తీసుకోకపోతే వచ్చినవాడికి అవమానం. పెద్దిరాజు గారి బావగారు సూరపరాజు గారని ఒకాయన ఉన్నారు. ఆయన గ్లాసు అందిస్తే కాదన్న మనిషి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టలేదట.

"లివర్ బాలేదని చెప్పండి" అన్నాను.

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "కాలేయం పోయిందంటే తాగుబోతనుకుంటారు కదండీ?"

"తాగుతారు కదండీ?"

"తాగుతానండి. తాగుబోతునైతే కాదండి."

ఈ రెండింటి మధ్యా ఉన్న గీత కోసం మా జిల్లాల్లో మనుషులు ప్రాణాలిచ్చేస్తారు.

మరి మందు వద్దంటే ఎవరూ నొచ్చుకోని సందర్భాలు మా వైపు ఏమున్నాయో లెక్కేశాను. అయ్యప్ప మాల. కార్తీక మాసం. కామెర్లకి పసరు మందు పథ్యం. మాలల కాలం, కార్తీకం రెండూ వెళ్ళిపోయాయి, పసరు మందంటే కాలేయం సంగతి బయటపడిపోతుంది. మిగిలింది ఒక్కటే. కుక్క కాటు. ఆ టీకాకి మా వాళ్ళు పాటించే పథ్యం ఏ వైద్య పుస్తకంలోనూ లేనంత గట్టిది. కుక్క కరిచినవాడికి మందు పోసే మొనగాడు ఉభయ గోదావరి జిల్లాల్లో లేడు.

"రాజుగారూ, కుక్క కరిచిందని చెప్పండి" అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. "ఆయ్! కుక్క కరిచిందంటే గౌరవంగా ఉంటుందండి."

పళ్ళు లేని భీముడు

నెల తిరిగేసరికి రాజుగారి రిపోర్టులు మెరుగుపడ్డాయి. ఆ తర్వాత ఇంకా మెరుగుపడ్డాయి. మేడం నా వైపు చూసి "ఏం కథ చెప్పావయ్యా?" అంటే వంటమేస్త్రి కథేనండి అన్నాను. మేడంకి చెప్పిన అబద్ధం జబ్బు గురించి కాదు కాబట్టి ఒప్పందం మీరలేదని నా లెక్క.

అవతల ఊళ్ళో నేను ఊహించనిది జరుగుతోంది. ఏ కుక్క కరిచిందని ఎవరో అడిగారట. రాజుగారు కాసేపు ఆలోచించి "మా చెరువు మీది భీముడేనండి" అన్నారట. అదేంటండీ, సొంత కుక్కనెందుకు ఇరికించారని తర్వాత అడిగాను.

"పరాయివాళ్ళ కుక్క మీద నింద వెయ్యడం మర్యాద కాదు కదండీ."

భీముడి సంగతి చెప్పాలి. చెరువుకి కాపలా కుక్క అన్న మాటేగానీ, దాని వయసులో వేరే కుక్కలకి మనవలుంటారు. నోట్లో ఒక్క పన్ను లేదు. పెరుగన్నం కూడా నానబెట్టి పెట్టాలి. దొంగ వస్తే లేచి, ఒళ్ళు విరుచుకుని, వాడు పడుకోడానికి చోటిస్తుందని చెప్పుకునేవారు. ఊరందరికీ ఇది తెలుసు. అయినా రాజుగారంతటివారు కరిచిందన్నాక కరవలేదనడానికి ఎవరికీ నోరు రాలేదు. చిగుళ్ళతో కరిచినా విషమేనని ఒకరు తేల్చారు.

ఇంతలో రాజుగారి మాట మీద ఆ ఊరి నుంచి ఇంకో ముగ్గురు మా ఓపీకి వచ్చారు. ముగ్గురికీ అదే కాలేయం, అదే మొహమాటం. పనిచేసిన మందుని మార్చడమెందుకని నేనూ అదే సలహా ఇచ్చాను. వాళ్ళు ఊరెళ్ళి, కొత్త కుక్కని వెతికే ఓపిక లేక, ముగ్గురూ భీముడే కరిచిందన్నారు.

అప్పుడు ఫోనొచ్చింది, నాకు కాదు, మేడంకి. ఆ ఊరికి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు చేశారు. మా ఊళ్ళో ఒకే కుక్క నలుగురిని కరిచిందట, టీకాలు మీ దగ్గర వేయించుకున్నారట, వివరాలు చెబుతారా అని.

మేడం నన్ను గదిలోకి పిలిచి తలుపేశారు.

"ఇది లివర్ ఓపీయా, కుక్కల ఆసుపత్రా?"

"మేడం, నలుగురూ మందు మానేశారండి."

"కాదనను. రేపు నిజంగా ఓ పిల్లని పిచ్చికుక్క కరుస్తుంది. ఆ ఇంట్లోవాళ్ళు ఇదీ రాజుగారి కాటులాంటిదే అని నవ్వుకుని టీకా వేయించకపోతే? ఆ జబ్బు ముదిరితే బతికించే మందు నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు."

ఆవిడ గొంతు కొంచెం దించారు.

"ఇంకోటి. కుక్క కాటు కోర్సుకి ఓ ముగింపుంటుంది. అది అయిపోయిందని తెలిసిన రోజున ఆయన చెబుతుండే ఆ బావగారు సూరపరాజు గారు గ్లాసు పట్టుకొస్తారు. అప్పుడు పెద్దిరాజు గారేం చెబుతారు? ఏనుగు తొక్కిందంటారా? కాలేయం బాలేదని ఊళ్ళో ఒక్కరికీ తెలీదు. నువ్వాయనకి చేతికర్ర ఇచ్చావు బాబూ, నడక నేర్పలేదు. వెళ్ళు. ఎలా చేస్తావో నాకు తెలీదు. కథలు చెప్పకుండా చెయ్యి."

ఆసుపత్రిలో నేను తిన్న తిట్లన్నీ మర్చిపోయాను, ఇదొక్కటీ తప్ప. కుక్క ఆలోచన గొప్పదేనని ఇప్పటికీ అంటాను. అయితే అది మొదటి వారానికి పనికొచ్చే ఆలోచన. మీరెవరైనా వాడాల్సి వస్తే కుక్కని వదిలేసి "డాక్టరు వద్దన్నారు" అనిపించండి. అది నిజం కూడా.

పట్టుబడి రోజు

నేను వెళ్ళేసరికి రాజుగారి పెద్ద చెరువులో పట్టుబడి, అంటే పెరిగిన రొయ్యల్ని పట్టి అమ్మే రోజు. నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్లు ఆపేశారు, వలలు లాగుతున్నారు, ఐసు పెట్టెలతో లారీ గట్టు మీద నిలబడి ఉంది. మా వైపు చెరువు పట్టుబడంటే అయినవాళ్ళకి పండగే. షెడ్డు కింద బల్ల మీద రొయ్యల వేపుడు పొగలు కక్కుతోంది. పక్కన సీసాలు, ఓ మూల పనివాళ్ళ కోసం కొబ్బరిబోండాలు. బల్ల కింద భీముడు నిద్రపోతోంది.

"దయచేయండి, దయచేయండి!" అంటూ పెద్దిరాజు గారు ఎదురొచ్చారు. నా మొహం చూసి ఆగిపోయారు. "ఏమైందండీ?"

మేడం అన్నదంతా చెవిలో చెప్పాను. ఆయన బల్లవైపు చూశారు. "ఇవాళ కాదండి. ఇంతమందిలో నా వల్ల కాదు. తమరే ఏదో ఒకటి సర్దండి, తమరికి వచ్చుగా."

జవాబు చెప్పేలోపు సూరపరాజు గారి కారు వచ్చింది. ఆయన భారీ మనిషి, ఆయన ప్రేమ ఇంకా భారీ. వెనకాలే ఓ వ్యానులోంచి వలా, కర్రలూ పట్టుకుని ఇద్దరు దిగారు.

"బావా! రెండు పనులు పెట్టుకునొచ్చాను" అన్నారు సూరపరాజు గారు. "నీ టీకాల కోర్సు ఎప్పుడో అయిపోయి ఉండాలి, నేను కనుక్కున్నాను. ఇవాళ మొదటి గ్లాసు నీదే. రెండోది, నలుగురిని కరిచిన ఆ పిచ్చి ముండని వీళ్ళు పట్టుకుపోతారు. ఊరికి పీడా వదిలిపోతుంది."

గ్లాసు నింపి బావగారి చేతిలో పెట్టేశారు. వలవాళ్ళు బల్ల కిందికి వంగారు. భీముడు కళ్ళు తెరిచి, వాళ్ళు ఏదో తినడానికి తెచ్చారనుకుని తోకాడించింది.

షెడ్డు గుంజ పక్కన సీతాయమ్మ గారు నిలబడి ఉన్నారు. ఆవిడ చూపు కుక్క మీద లేదు, గ్లాసు మీద ఉంది. నా నోట్లో అప్పటికి మూడు అబద్ధాలు తయారై వరసలో నిలబడ్డాయి. బూస్టర్ డోసని ఒకటి, కొత్త రకం టీకా అని ఒకటి, మూడోది మరీ బాగుంటుంది గానీ ఇక్కడ రాయను, మేడం చదువుతారు. రాజుగారు నా వైపే చూస్తున్నారు. నేను మేడం గొంతు తలుచుకుని వేపుడు వైపు చూస్తూ ఉండిపోయాను. పళ్ళబిగువున నోరు మూసుకోవడం నా ఉద్యోగంలో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని.

వలవాడు భీముడి మెడ మీద చెయ్యేశాడు.

"వదలండి దాన్ని!" అన్నారు పెద్దిరాజు గారు. ఆయన గొంతు పెంచడం అక్కడెవరూ విని ఉండరు. వల లాగేవాళ్ళు కూడా చెరువులో ఆగిపోయి చూశారు.

"అది కరవలేదు. దానికి పళ్ళే లేవు, అందరికీ తెలుసు. నాకు కాలేయం చెడింది బావా. తాగి తాగి చెడింది. మందు ముట్టుకుంటే పోతానని డాక్టరమ్మ గారు చెప్పారు. నీకు చెప్పడానికి సిగ్గేసి కుక్క మీద పెట్టాను."

గ్లాసు బల్ల మీద పెట్టేశారు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు. సీతాయమ్మ గారు గుంజ దగ్గర నుంచి కదిలొచ్చి ఆయన వెనకాల నిలబడ్డారు.

ఏరేటర్లు కూడా ఆపేసి ఉండటంతో నీళ్ళలో రొయ్యలు ఎగిరిపడే చప్పుడు వినబడింది. ముందుగా బల్ల చివర కూర్చున్న మా పేషెంటు ఒకడు లేచాడు. "ఆయ్... నన్నూ కరవలేదండి." పక్కవాడు లేచాడు. "నాదీ కాలేయమేనండి." మూడోవాడు కూర్చునే చెయ్యెత్తాడు. భీముడు, ఎవరు లేస్తే వాళ్ళు వేపుడు పెడతారనుకుని, ముగ్గురి దగ్గరికీ వరసగా వెళ్ళొచ్చింది.

సూరపరాజు గారు మొహం గంటు పెట్టుకున్నారు. "నాకు చెప్పకూడదా బావా? నేనంత పరాయివాణ్ణా? చస్తావని తెలిసినా పోసేవాణ్ణనుకున్నావా?" అని విసవిసా నడిచి కారు దగ్గరికి వెళ్ళిపోయారు. తలుపు తీశారుగానీ ఎక్కలేదు. మా అందరికీ వీపు చూపిస్తూ చాలాసేపు చెరువుకేసి చూస్తూ నిలబడ్డారు.

కొత్తగా వచ్చే పిల్లలూ, మందు వల్ల ఒంటికి జరిగే చెడు ఏమిటో గోడమీది బొమ్మలు చెబుతాయి. మీ పని ఆ బొమ్మ దగ్గర అయిపోదు. గ్లాసు అందించిన చెయ్యి తన బావది అయినప్పుడు ఆ మనిషికి నోరెలా పెగులుతుందో, దానికి మీరు పక్కన నిలబడి ఏం చెయ్యాలో, ఏం చెయ్యకుండా ఉండాలో, అక్కడ మొదలవుతుంది.

ఆ ఊళ్ళో ఇప్పుడు పట్టుబడి బల్ల మీద సీసాల పక్కన కొబ్బరిబోండాలు కూడా పెడుతున్నారు. ఏది తీసుకున్నా ఎవరూ ఏంటని అడగరు. పెద్దిరాజు గారి కాలేయం మొన్నటి స్కానింగులో మేడంని నవ్వించింది. భీముడికి మెత్తగా ఉడికించిన రొయ్యలు విడిగా తీసి పెడుతున్నారు.

ఆ రోజు సంగతి పూర్తిచేస్తాను. సూరపరాజు గారు చివరికి కారు తలుపు మూసి వెనక్కి వచ్చారు. నన్ను దాటి, బావగారి పక్కన బల్ల దగ్గర కూర్చున్నారు. నింపి పెట్టిన గ్లాసుని వేలితో అవతలికి తోసి, కిందున్న కుక్కవైపు చూశారు.

"బావా," అన్నారు మెల్లగా, "నాకూ ఈమధ్య అన్నం సయించట్లేదు. కళ్ళు పచ్చగా ఉన్నాయని మీ చెల్లెలు గోల పెడుతోంది. ఇంట్లో ఏం చెప్పను? నన్ను కూడా మీ భీముడు కరిచిందని చెప్పనా?"

పెద్దిరాజు గారు ఓ కొబ్బరిబోండం తీసి బావగారి చేతిలో పెట్టారు.

"దానికి పళ్ళు లేవు బావా. నువ్వే చెప్పుకోవాలి."